మాథ్యూసా, రాబిన్సనా?

ఆటగాళ్ల బొమ్మలుండే పాత బేస్‌బాల్ కార్డులు కొనేవాళ్లు ఎక్కువగా అమెరికన్ స్టార్ ఆటగాడు మికీ మాంటిల్ వెంటే పడతారు. ఆ హడావుడిలో వెనకబడ్డవాళ్లలో ఇద్దరి సంగతి చూద్దాం.

ఎడ్డీ మాథ్యూస్ 512 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) కొట్టాడు. టాప్స్ అనే కార్డుల కంపెనీ 1952లో వేసిన సెట్‌లో అతని కార్డు నంబరు 407, అంటే చిట్టచివరిది. పిల్లలు వరసగా పేర్చి రబ్బరు బ్యాండు వేస్తే అడుగున నలిగేది ఇదే. అంచులు తెగకుండా, మూలలు మొండిగా అవకుండా దొరికిందా, ధర వింటే కళ్లు తిరుగుతాయి.

ఫ్రాంక్ రాబిన్సన్ లెక్క వేరు. 586 హోమ్ రన్లు, 1966లో ట్రిపుల్ క్రౌన్ (ఒకే సీజన్లో బ్యాటింగ్ సగటు, హోమ్ రన్లు, కొట్టించిన పరుగులు మూడింటిలోనూ లీగ్‌లో మొదటి స్థానం), అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లోని రెండు లీగుల్లోనూ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయిన మొదటి ఆటగాడు. 1975లో మేజర్ లీగ్‌లో తొలి నల్లజాతి మేనేజర్ (జట్టు ప్రధాన కోచ్) కూడా. ఇంత ఉన్నా, 1957 టాప్స్‌లోని అతని 35వ నంబరు కార్డుకు మాంటిల్ మోజులో పదో వంతు కూడా కనిపించదు.

నా డబ్బయితే రాబిన్సన్‌కే. మాథ్యూస్‌ది మాత్రం నలిగినదే కొంటాను, రబ్బరు బ్యాండు గాటుతో సహా.