పీసీటీలో ఎడారి ముక్కా, సియెర్రా కొండలా?

విశాఖ నుంచి వెళ్లి అమెరికాలోని పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ (పీసీటీ) అనే కాలిబాట 4,265 కిలోమీటర్లూ నడిచేంత సెలవు ఎవరికి దొరుకుతుంది? ఒక ముక్క ఎంచుకోవాల్సిందే.

నీళ్లు: ఎడారి ముక్కలో, బాట మొదలయ్యే కాంపో నుంచి లేక్ మొరీనా దాకా దాదాపు 32 కిలోమీటర్లు, మన సింహాచలం గిరిప్రదక్షిణంత. కానీ దారిలో మజ్జిగ అందించే చేతులుండవు, వాగులు ఎండిపోతాయి. ఐదారు లీటర్లు మోయాలి. సియెర్రాలో సరస్సులు పుష్కలం, వడపోసుకుంటే చాలు.

ఎత్తు: సియెర్రాలో దాటాల్సిన కనుమ ఫారెస్టర్ పాస్ 4,009 మీటర్లు. సముద్రం ఒడ్డున బతికే మనకి అసలు ప్రమాదం ఇదే. కైలాసగిరి మెట్లు కాళ్లని సిద్ధం చేస్తాయి గానీ ఊపిరిని కాదు.

ఖర్చు: సియెర్రాలో ఎలుగుబంట్లకి తిండి దొరక్కుండా గట్టి డబ్బా తప్పనిసరి, అది అదనపు ఖర్చు.

ఏప్రిల్‌లో వారం సెలవుంటే కాంపో. ఆగస్టులో మూడు వారాలుండి, ఎత్తుకి అలవాటుపడే తీరికుంటే సియెర్రా. నా మనసు మాత్రం సియెర్రాదే.