ఫ్రైడే నైట్ ఫంకిన్: ఏ వయసు పిల్లలకు, ఎంతవరకు?

ముందు తీర్పు చెప్పేస్తాను. పదేళ్ళలోపు పిల్లలకు ఈ కంప్యూటర్ పాటల ఆట వద్దు. పది నుంచి పన్నెండేళ్ళ వాళ్ళయితే పెద్దవాళ్ళు ఎవరో ఒకరు పక్కన ఉండాలి, అది కూడా కొన్ని ‘వారాలు’ (ఆటలో దశలను అలా అంటారు) తీసేసి. పదమూడు దాటితే అసలు ఆట ఫర్వాలేదు కానీ మోడ్‌లు (బయటివాళ్ళు ఆటకు చేర్చి వదిలే భాగాలు) మాత్రం ఒక్కొక్కటీ చూసి ఒప్పుకోవాలి. మా అబ్బాయి ఆరో తరగతిలో మొదలుపెట్టాడు, ఇప్పుడు తొమ్మిదికి వచ్చాడు. వాడి పక్కన కూర్చుని చూస్తూ వచ్చాను, కథంతా నేను కూడా ఆడాను. ఈ ఆట మీద నాకు ఇష్టం ఉంది. అందుకే ఎక్కడ ఆపాలో కూడా చెప్పాలనిపించింది.

తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. నీలం జుట్టు, ఎర్రటోపీ తిరగేసి పెట్టుకున్న కుర్రాడి పేరు బాయ్‌ఫ్రెండ్. స్పీకర్ల మీద కూర్చునే అమ్మాయి పేరు గర్ల్‌ఫ్రెండ్. ఆ అమ్మాయి తండ్రితో మొదలుపెట్టి ఒక్కొక్కరినీ పాటల పోటీలో ఓడించుకుంటూ పోవాలి. ఒక్కో ప్రత్యర్థికి ఒక ‘వారం’, వారానికి మామూలుగా మూడు పాటలు. 2020 అక్టోబరులో లూడమ్ డేర్ అనే గేమ్ తయారీ పోటీ కోసం నలుగురు కలిసి చేసిన చిన్న ఆట ఇది. న్యూగ్రౌండ్స్ సైట్‌లో పెట్టాక పిల్లలు ఎగబడ్డారు. 2021లో పూర్తి ఆట తీస్తామని కిక్‌స్టార్టర్ అనే చందాల సైట్‌లో అడిగితే 20 లక్షల డాలర్లకు పైగా పోగయ్యాయి.

ఈ న్యూగ్రౌండ్స్ సంగతి తల్లిదండ్రులు తెలుసుకోవాలి. ఫ్లాష్ కార్టూన్‌లు, ఆటలు ఎవరు చేసినా పెట్టుకునే పాత అమెరికన్ సైట్ అది. రక్తం, బూతు, మొరటు హాస్యం అక్కడ మామూలు. వాటిని చూస్తూ పెరిగినవాళ్ళు ఆ పాత పాత్రల మీద ప్రేమతో ఈ ఆట చేశారు. పిల్లల కోసం చేస్తే గాడి తప్పింది కాదు. బొమ్మలు ముద్దుగా ఉండేసరికి పిల్లలు వచ్చి చేరారు.

సంగీతం మాత్రం నిజంగా బాగుంటుంది. అవతలివాడు ముందు ఒక వరస పాడతాడు, అదే వరస మనం తిరిగి పాడాలి. సంగీతం క్లాసులో గురువుగారు స్వరం అంటే పిల్లలు తిరిగి అన్నట్టే. తెర మీద బాణాలు పైకి వస్తుంటాయి. ఎడమది ఊదా, కిందిది నీలం, పైది ఆకుపచ్చ, కుడిది ఎరుపు. బాణం గీత దగ్గరికి చేరిన క్షణంలో కీబోర్డు మీద అదే బాణం నొక్కాలి. మొదటి వారంలో ‘బోపీబో’ పాట నిమిషానికి 100 బీట్‌ల మీద నింపాదిగా నడుస్తుంది, ‘ఫ్రెష్’ 120, ‘డాడ్ బ్యాటిల్’ ఏకంగా 180. ఒక్క వారంలోనే చెయ్యి, చెవి ఇంత వేగానికి అలవాటు పడాలి. మావాడు మొదట బాణాలు చూసి నొక్కేవాడు, తప్పేవాడు. కొన్నాళ్ళకు కాలు ఆడిస్తూ నొక్కడం మొదలుపెట్టాడు, అప్పటి నుంచి కుదిరింది. కళ్ళతో కాదు, చెవితో ఆడాలని వాడికి వాడే కనిపెట్టుకున్నాడు. లయ పట్టుకోవడం ఇంత సరదాగా నేర్పే ఆట నేను ఇంకోటి చూడలేదు.

ఇంకో మంచి సంగతి, పాటల్లో మాటలు దాదాపు ఉండవు. ‘బీప్, బాప్’ లాంటి కూతలే. ముక్కూమొహం తెలియనివాళ్ళతో చాటింగ్ లేదు. సైట్ నుంచి దింపుకున్న అసలు ఆటలో మధ్యమధ్య ప్రకటనలు రావు, డబ్బులు పెట్టి కత్తులు, డ్రెస్సులు కొనుక్కోమని పీడించదు. మిగతా ఆటలతో విసిగిపోయిన నాకు ఇది చిన్న విషయం కాదు.

ఇక ఇబ్బందుల దగ్గరికి వద్దాం. మొదటిది మొదటి పాటలోనే కనిపిస్తుంది. బాణం ఎంత సరిగ్గా కొట్టామో చెబుతూ తెర మీద ఒక మాట ఎగురుతుంది. బాగా కొడితే ‘సిక్’, తర్వాత ‘గుడ్’, ‘బ్యాడ్’. మరీ ఆలస్యమైతే మలానికి వాడే ఇంగ్లీషు బూతు, పెద్ద అక్షరాల్లో. తప్పులు ఎక్కువ చేసేది కొత్తగా ఆడే చిన్నపిల్లలే కాబట్టి ఆ మాట ఎక్కువసార్లు కనిపించేదీ వాళ్ళకే. పాజ్ నొక్కితే ఎన్నిసార్లు ఓడిపోయామో అంకె వస్తుంది, దాని పక్కన రాసింది కూడా శృంగారానికి సంబంధించిన ఒక మొరటు మాట. నాలుగో వారంలో మూడో పాట పేరు పిల్లలకు అర్థం చెప్పలేని పొడి అక్షరాలు. పిల్లలు ఇవన్నీ మనలా చదవరు, ఆటలో మాటలు అనుకుని స్కూల్లో అనేస్తారు.

కథలోకి వెళ్తే తుపాకులు ఎక్కువ. మూడో వారంలో వచ్చే పీకో చేతిలో తుపాకీ ఉంటుంది. ఆ పాత్ర ఎక్కడిదో చూస్తే నాకు మనసు చివుక్కుమంది. 1999లో వచ్చిన ఒక ఫ్లాష్ ఆటలో పీకో బడి పిల్లాడు, కథ బడిలో కాల్పుల గురించి. ఈ ఆటలో అదేమీ చూపించరు కానీ పేరు నచ్చిన పిల్లాడు వెతికితే అక్కడికే చేరతాడు. ఏడో వారంలో ట్యాంక్‌మ్యాన్ అనే సైనికుడు వస్తాడు. ‘స్ట్రెస్’ పాట జరుగుతున్నంతసేపూ పీకో స్పీకర్ల మీద నిలబడి రెండు వైపుల నుంచి పరిగెత్తుకొచ్చే సైనికులను తాళానికి తగ్గట్టు కాలుస్తుంటాడు. సంగీతపరంగా ఆటలోకెల్లా గొప్ప పాట అదే అని నా అభిప్రాయం. అయినా పన్నెండేళ్ళలోపు పిల్లలకు అది చూపించను. 2024లో వచ్చిన భాగంలో కూడా మంటలు, కాల్పులు, పిడిగుద్దులు ఉన్నాయి.

నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది ఐదో వారం. క్రిస్మస్ చెట్టు, మంచు, షాపింగ్ మాల్. పండగ బొమ్మలు చూసి మా చిన్నది కూడా వచ్చి పక్కన కూర్చుంది. గర్ల్‌ఫ్రెండ్ అమ్మానాన్నలు శాంటా తాతకు తుపాకీ గురిపెట్టి అతని కుర్చీలో కూర్చుని పాడుతుంటారు. "అమ్మా, ఆ తాతను ఎందుకు బెదిరిస్తున్నారు? వదిలేస్తారా?" అని అడిగింది. పాట గెలిస్తే వదిలేస్తారేమో అని ఆశపడింది. వదలరు. రెండు పాటలయ్యాక ఉన్నట్టుండి లైట్లు ఆరిపోయి, నిమ్మకాయ తల రాక్షసుడు పళ్ళు బయటపెట్టి పాడటం మొదలుపెడతాడు. "నాన్నా, ఆపేసేయ్" అన్నాను, వాడు మారుమాట లేకుండా ఆపేశాడు. ఆ రాత్రి చిన్నది లైటు ఆర్పనివ్వలేదు. అదే పాట మావాడికి మాత్రం భలే నచ్చింది, పదకొండేళ్ళకీ ఆరేళ్ళకీ అంత తేడా ఉంటుంది. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్న ఇంట్లో ఆడేవాడి వయసు ఒక్కటే చూస్తే చాలదు.

సెట్టింగుల్లో ‘నాటీనెస్’ అని ఒక మీట ఉంది. బూతులు, అసభ్యంగా ఉండేవి వద్దనుకుంటే కొన్నిటిని ఆపేసుకోవచ్చు. ఆపేయండి. అయితే దానితో తుపాకులు, రాక్షసులు పోరు. మెరుపు లైట్లు, తాళానికి తెర ముందుకూ వెనక్కూ ఊగడం కూడా అక్కడే ఆపుకోవచ్చు. ఫిట్స్ ఉన్న పిల్లలైతే డాక్టరును అడగనిదే ఈ ఆట జోలికే వెళ్ళకపోవడం మంచిది. కళ్ళు తిరుగుతాయనే పిల్లలకు ఆ రెండూ తప్పకుండా ఆపాలి. ఓడిపోయినప్పుడు బాయ్‌ఫ్రెండ్ ఎముకల గూడుగా మారి మైకు వదిలేసే బొమ్మ ఎలాగూ వస్తుంది, పిల్లలు దానికి రెండో రోజుకే అలవాటు పడిపోతారు.

ఇంతవరకు చెప్పింది అసలు ఆట గురించి. పిల్లలు నిజంగా మాట్లాడుకునేది మోడ్‌ల గురించి. ఆట కోడ్ అందరికీ తెరిచి పెట్టారు కాబట్టి ఎవరైనా కొత్త పాత్ర, కొత్త పాట చేర్చి వదలొచ్చు. విట్టీ, ట్రికీ లాంటివి అలా వచ్చినవే. వాటి సంగీతం కొన్నిచోట్ల అసలు ఆటనే మించిపోయింది. అదే దారిలో ‘సోనిక్ ఎగ్జీ’ లాంటివి కూడా వచ్చాయి, పిల్లలకు తెలిసిన కార్టూన్ మొహానికి రక్తం కారే కళ్ళు పెట్టి, పాట మధ్యలో గభాలున మీదికి దూకిస్తారు. వీటిని ఆడక్కర్లేదు, యూట్యూబ్‌లో ఆట పేరు కొడితే చాలు, వరసగా వచ్చేస్తాయి. ఫోన్‌లో అదే పేరుతో దొరికే నకలు యాప్‌లు ఇంకా చెత్త. ఒకటి ఎక్కించి చూశాను, ప్రతి పాటకూ ఒక ప్రకటన, దాంట్లో పిల్లలు చూడకూడని బొమ్మలు. తయారీదారు పేరు ‘ఫంకిన్ క్రూ’ కాకపోతే ఎక్కించకండి.

మా ఇంట్లో పద్ధతి ఇది. ఆట హాల్లో ఉన్న కంప్యూటర్‌లోనే, స్పీకర్లలోనే. కొత్త మోడ్ కావాలంటే ముందు వాడూ నేనూ కలిసి ఆ వీడియో చివరిదాకా చూస్తాం, గభాలున మీదికి దూకే బొమ్మలు ఉంటే వద్దు. మొదట్లో బుంగమూతి పెట్టేవాడు, ఇప్పుడు "అమ్మా, ఇది నీకు నచ్చదులే" అని వాడే పక్కన పెట్టేస్తున్నాడు. ‘హార్డ్’ అనే కష్టమైన స్థాయిలో ఒకే పాట మళ్ళీమళ్ళీ ఓడి కీబోర్డు మీద కోపం చూపిస్తే ఆ రోజుకు బంద్. ఒకవేళ హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాల్సి వస్తే వైరు ఉన్నవే ఇవ్వండి, బ్లూటూత్‌లో శబ్దం ఒక పిసరు ఆలస్యంగా వచ్చి బాణాలు కుదరవు, పిల్లలు తప్పు తమదే అనుకుని విసుక్కుంటారు.

చిన్నదానికి ఇంకా ఇది ఇవ్వడం లేదు. దానికి ‘తైకో నో తత్సుజిన్’ పెట్టాం. జపాన్ డప్పు ఆట. ఎర్ర చుక్క వస్తే డప్పు మధ్యలో, నీలం చుక్క వస్తే అంచు మీద కొట్టాలి, అంతే. తుపాకులు లేవు, బూతులు లేవు. అన్నయ్య పక్కన కూర్చుని తాళం చెప్తుంటాడు.