మోచెయ్యి మడవడానికి 35 వేలు

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఫ్లెక్సీ షాపులో ఆరేళ్ళుగా డిజైనర్‌ని. పుట్టినరోజు ఫ్లెక్సీల్లో నాయకుల తలలు కట్ చేసి తెల్లచొక్కాల మీద అతికించడమే పని. యానిమేషన్‌కి మనుషుల బొమ్మలు చేయాలని ఎప్పట్నుంచో పిచ్చి. మొన్న జూన్‌లో మొగల్రాజపురం వైపు ఉన్న ఒక ఇన్‌స్టిట్యూట్‌లో త్రీడీ క్యారెక్టర్ మోడలింగ్‌కి చేరాను. మూడు నెలలు, రాత్రి 7 నుంచి 9, ఫీజు 35 వేలు. పేరు మాత్రం రాయను, ఇంకా అక్కడికే వెళ్ళాలి నేను.

ముందు కడుపుమంట సంగతి. 35 వేలు కాక సాఫ్ట్‌వేర్‌కంటూ ఇంకో 2 వేలు తీసుకున్నారు. నేర్పింది బ్లెండర్. అది ఎవరైనా ఊరికే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. 2002లో వాడేవాళ్ళే తలా ఇంత వేసుకుని లక్ష యూరోలు పోగుచేసి, అందరికీ ఉచితంగా అందేలా విడిపించుకున్న సాఫ్ట్‌వేర్ అది. ఆ సంగతి నాకు తెలిసింది డబ్బు కట్టిన పదో రోజున! కౌంటర్‌లో మేడమ్‌ని అడిగితే "అది ఇన్‌స్టలేషన్ చార్జీ అండీ" అన్నారు. పన్నెండు మందికి ఎనిమిది సిస్టమ్‌లే ఉండటంతో నేను మూడో రోజు నుంచే సొంత ల్యాప్‌టాప్ మోసుకెళ్తున్నాను. ఆ ఇన్‌స్టలేషన్ చేసుకున్నదీ నేనే.

మొదటి మూడు వారాలు ఏ బటన్ ఎక్కడుందో చెప్పడంతోనే సరి. నాలుగో వారంలో మోడలింగ్ సార్ వచ్చారు, అప్పుడు మొదలైంది చదువు. మనిషిని ఎదురుగా, పక్కనుంచి తీసిన రెండు ఫొటోలు వెనక పెట్టుకుని సగం మనిషినే చేయాలి. మిగతా సగాన్ని అద్దంలో చూపించినట్టు మిర్రర్ మాడిఫైయర్ అనే టూలే వేసేస్తుంది. తల వారంలో అయిపోయింది. గొప్పగా తెనాలిలో మా బాబాయికి వాట్సాప్‌లో పంపాను. ఆయన విగ్రహాలు చేస్తారు. వెంటనే ఫోన్. "ఏరా, నీ బొమ్మకి కళ్ళు నెత్తికెక్కాయేంట్రా?" నిజమే. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్ళు దాదాపు సగంలో ఉంటాయి. నేను నుదురుతోనే తల అయిపోయిందనుకుని కళ్ళు పైకి పెట్టేశాను.

బాబాయి విగ్రహం చెయ్యెత్తిందంటే ఇక దించేది లేదు. మా బొమ్మ దించాలి, మడవాలి. తంటా అంతా అక్కడే. చేతులు చాపి నిలబెట్టినంతసేపు నా బొమ్మ బాగానే ఉంది. సార్ లోపల రెండు ఎముకలు వేసి మోచెయ్యి మడిచేసరికి నీళ్ళ పైపు నొక్కుకుపోయినట్టు నలిగిపోయింది. అప్పుడాయన అందరినీ చొక్కా చేతులు పైకి మడవమని, మోచెయ్యి చుట్టూ స్కెచ్ పెన్‌తో మూడు గాజుల్లా గీతలు గీయించారు. "ఇప్పుడు మడవండి." వెనకవైపు గీతలు దూరం జరిగాయి, లోపలివైపు మూడూ ఒక్కచోటికి వచ్చేశాయి. ఎడ్జ్ లూప్‌లంటే అవే. కీలు దగ్గర కనీసం మూడు వేసుకోవాలి, బయటివైపు చర్మం సాగడానికి చోటు వదలాలి. కంటి చుట్టూ, నోటి చుట్టూ కూడా ఇలాంటి వలయాలే. రెప్ప వాల్చాలన్నా, నవ్వాలన్నా వాటి మీదే. ఈ గీతల మధ్య బొమ్మ ఒంటి మీద ఏర్పడే గళ్ళన్నీ వీలైనంతవరకు నాలుగు మూలలవే ఉండాలని సార్ ఎందుకు నస పెట్టేవారో కూడా అప్పుడే అర్థమైంది. మూడు మూలలది ఒకటి అడ్డొస్తే వలయం అక్కడితో ఆగిపోతుంది.

మర్నాడు షాపులో మా ఓనర్ ఆ గీతలు చూసి "ఆపరేషన్ ఏమన్నా ఉందేంట్రా?" అని కంగారుపడ్డారు.

వేళ్ళ దగ్గర మాత్రం సార్ కూడా తొందరపడ్డారు, రెండు క్లాసులతో లాగించేశారు. నా బొమ్మ చేతికి ఇప్పటికీ అరటి అత్తం తగిలించినట్టే ఉంటుంది. ఇక ఆ ఇన్‌స్టిట్యూట్ మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు.

చేరేవాళ్ళు రాత్రి బ్యాచ్‌కి ఏ సార్ వస్తారో ముందే అడిగి తెలుసుకోండి. సాఫ్ట్‌వేర్ డబ్బులు అడిగితే మీ ల్యాప్‌టాప్ చూపించండి. ఐదుకి మూడున్నర ఇస్తాను, అందులో మూడు మోచెయ్యికే. బొమ్మకి ఎముకలు వేసి కదిలేలా చేసే రిగ్గింగ్ బ్యాచ్‌కి ఇంకో 18 వేలు అంటున్నారు. ఆ సారే చెప్తారంటే కడతానని కౌంటర్‌లో చెప్పి వచ్చాను.