ఉప్పుగాలిలో ఏడాదిన్నర: కొత్త ఫర్నిచర్, కొత్త ఫినిష్‌లు ఎంతవరకు నిలిచాయి?

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, బీచ్‌కు కిలోమీటరు లోపే ఉన్న మా ఫ్లాట్‌కు రెండు వార్డ్‌రోబ్‌లు, ఒక టీవీ యూనిట్, చెప్పుల స్టాండు, ఆరుగురు కూర్చునే టేకు డైనింగ్ టేబుల్ చేయించి ఏడాదిన్నర దాటింది. శివారులో సొంత వర్క్‌షాపు, ఊరి మధ్యలో షోరూమ్ ఉన్న ఆ దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. వాళ్ల పనిలో మెచ్చుకోవలసినదే ఎక్కువగా ఉన్నా, నాకు ఎదురైన ఇబ్బందులు కూడా చెప్పబోతున్నాను కనుక అదే మర్యాద అనిపించింది.

షోరూమ్‌లో అడుగు పెట్టగానే ఇప్పుడు ఏవి నడుస్తున్నాయో అర్థమైపోతుంది. ఒకప్పుడు అద్దంలా మెరిసే అక్రిలిక్ తలుపులు నిలబెట్టే చోట ఇప్పుడు మెరుపు లేని మ్యాట్ లామినేట్లు, లేత ఓక్ రంగు చెక్క గీతలు, నిలువుగా గాడులు తీసిన ఫ్లూటెడ్ ప్యానెళ్లు, పేము అల్లిక బిగించిన తలుపులు, ఇత్తడి రంగు హ్యాండిళ్లు కనిపిస్తాయి. సేల్స్ కుర్రాడు ఓపికగా అన్నీ చూపించాడు గాని, మొదటి అరగంటలో రంగు గురించి తప్ప లోపలి చెక్క గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు.

వర్క్‌షాపు చూస్తానని పట్టుబట్టి వెళ్లడమే నాకు కలిసివచ్చింది. అక్కడి పెద్ద మేస్త్రి పాత పెయింటు డబ్బాలో పొద్దుటి నుంచి నానుతున్న పార్టికల్ బోర్డు (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) ముక్కను తీసి నా చేతిలో పెట్టాడు. అది టీలో ముంచిన బిస్కత్తులా ఉబ్బి, వేలితో నొక్కితే పొట్టుగా రాలిపోయింది. పక్కనే నానిన ప్లైవుడ్ ముక్క పొరలు విడకుండా గట్టిగానే ఉంది. “మొకానికి రంగు ఎవుడైనా ఏస్తాడు బాబూ, మీరు అంచు సూడండి” అన్నాడు. షోరూమ్‌లో విన్న అరగంట ప్రసంగం కన్నా ఆ ఒక్క మాటే నాకు ఎక్కువ ఉపయోగపడింది.

ప్లైవుడ్‌లో తేడా అంతా పొరలను అతికించే జిగురులో ఉంటుంది. ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ముద్ర ఉన్న మెరైన్ ప్లైకి ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు వాడి, నమూనాను 72 గంటలు మరిగే నీటిలో ఉంచి అతుకును పరీక్షిస్తారు. ఐఎస్ 303 కింద వచ్చే బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే) ప్లైకి పరీక్ష అంత కఠినంగా ఉండదు గాని, నీరు నేరుగా తగలని పడకగదికి అది సరిపోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మా పాత ఇంటి కిటికీలను ఊడదీసిన రోజు నాన్నగారి టేకు మంచం, పిల్లల కంప్యూటర్ టేబుల్ ఒకే గదిలో తడిశాయి. మంచం ఎండలో ఆరి ఇప్పటికీ వాడకంలో ఉంది. పార్టికల్ బోర్డుతో చేసిన ఆ టేబుల్‌ను మాత్రం మర్నాడు చీపురుతో ఊడ్చి ఎత్తవలసి వచ్చింది. అందువల్ల వార్డ్‌రోబ్‌ల పెట్టెలకు బీడబ్ల్యూఆర్ ప్లై, తలుపుల మీద ఒక మిల్లీమీటరు మ్యాట్ లామినేట్, తలుపుల అంచులకు రెండు మిల్లీమీటర్ల పీవీసీ బ్యాండు వేయించాను.

ఆ వార్డ్‌రోబ్‌ల మీద నాకు ఫిర్యాదు లేదు. రెండు వానాకాలాలు గడిచినా తలుపులు వంగలేదు, అంచులు లేవలేదు. ముదురు బూడిద రంగు మ్యాట్ మీద నూనె చేతి మరకలు బాగా కనిపిస్తాయన్నది ముందే చెప్పి ఉంటే లేత రంగు తీసుకునేవాణ్ణి. టీవీ వెనుక పెట్టించిన ఫ్లూటెడ్ ప్యానెల్ చూడముచ్చటగానే ఉంది గాని, తేమగాలికి గాడుల్లోని దుమ్ము అట్టకడుతుంది, మెత్తని బ్రష్షుతో వారానికోసారి తీయక తప్పదు. దుమ్ము ఎక్కువగా పడే పోర్టు దగ్గర, జ్ఞానాపురం వైపు ఉండేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

అసలు ఇబ్బంది బాల్కనీ పక్కన పెట్టిన చెప్పుల స్టాండుతో వచ్చింది. నాలుగో నెలలోనే తలుపుల మడత బందుల మీద ఎర్రని చుక్కలు పడ్డాయి, ఆరో నెలకు కింది తలుపు కిర్రుమనసాగింది. స్టెయిన్‌లెస్ స్టీల్ అని చెప్పి అమ్మినవాటికి అయస్కాంతం పెట్టి చూస్తే టక్కున అతుక్కుంది. విప్పి చూస్తే అవి నికెల్ పూత పూసిన ఇనుప బందులు. 304 గ్రేడు స్టీలైతే అయస్కాంతానికి అంతగా అంటదు. సముద్రానికి ఎదురుగా ఉన్న ఇళ్లలో 304 మీద కూడా గోధుమ రంగు మరకలు రావచ్చు, మాలిబ్డినం కలిసిన 316 అక్కడ మెరుగు. పైగా స్టాండు వెనుక పలకకు ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన పలక) వాడారు, అది అడుగున రెండు వేళ్ల ఎత్తు వరకు ఉబ్బింది. మూడుసార్లు ఫోన్ చేశాక వచ్చి రెండూ ఉచితంగానే మార్చారు. ఆ మాట కూడా చెప్పాలి.

డైనింగ్ టేబుల్ మాత్రం దిద్దవలసిన అవసరం లేని పని. చేవ ఉన్న టేకు పలకలే ఏరి వాడారు, బెరడు వైపు ఉండే తెల్లని చెక్క ఎక్కడా కనిపించదు. ఇప్పుడు చాలామంది అడుగుతున్న ఆయిల్ ఫినిష్ చేతికి చెక్క స్పర్శ తెలిసేలా హాయిగా ఉంటుంది, గీత పడితే అక్కడికక్కడ రుద్ది మళ్లీ నూనె పట్టించవచ్చు. అయినా రోజూ పులుసు, పసుపు ఒలికే ఇంట్లో అది మరకలమయం అవుతుందని మెరుపు లేని పీయూ (పాలీయురేథేన్) పూత వేయించాను. వేడి పప్పుగిన్నె పెట్టిన చోట తెల్లని వలయం ఒకటి లీలగా మిగిలింది, అది మా తొందరపాటే.

సొరుగులకు ఏటికొప్పాక లక్క పిడులు పెట్టమని అడిగితే షోరూమ్‌లో ఆశ్చర్యపోయారు, మేస్త్రి మాత్రం మారుమాట లేకుండా అమర్చాడు. అంకుడు కర్ర మీద సహజ రంగులు కలిపిన లక్క కదా, ఎండ తగిలే పిడి ఒక్కటే కాస్త వెలిసింది.

పూజా మందిరం పని కూడా వాళ్లకే ఇచ్చాను. ఈసారి ప్లై మీద ముద్ర, బందుల గ్రేడు, వెనుక పలక ఏమిటన్నది బిల్లు మీద రాయించుకున్నాకే అడ్వాన్సు కట్టాను.