డైనమో పోతే: ఉన్నదాన్నే బాగుచేసుకోవాలా, రీకండిషన్డ్‌దా, కొత్తదా?

"సార్, డైనమో పోయింది. ఎక్స్‌ఛేంజ్‌లో రీకండిషన్డ్‌ది పెట్టేద్దామా, కొత్తది తెప్పించాలా?" కారు బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో (ఆల్టర్నేటర్) గురించి ఎలక్ట్రీషియన్ ఇలా అడగ్గానే చాలామంది బాగుచేసి అమ్మే పాతది (రీకండిషన్డ్), కొత్తది, రెండింటి రేట్లూ పోల్చి ఒకటి ఖాయం చేసేస్తారు. మూడో దారీ ఉంది. ఉన్న డైనమోనే దించి, పోయిన భాగం మార్చుకోవచ్చు. నా మొగ్గు అటే, కానీ లోపల తిరిగే రోటర్‌కి బ్రష్‌ల నుంచి కరెంటు అందించే స్లిప్ రింగులు బాగుంటేనే.

అంతకన్నా ముందు తప్పు డైనమోదేనా అన్నది తేలాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8–14.5 వోల్టులు రావట్లేదా? హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ వేసి, ఇంజన్‌ని 2,000 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, మీటర్ ఒక కొన డైనమో వెనక బీ ప్లస్ బోల్టు (కరెంటు బయటికి వచ్చే చోటు) మీద, రెండోది బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. 0.3 వోల్టు దాటితే లోపం తీగలోనో, దాని కొనన బిగించే లగ్గులోనో ఉంది. డైనమో బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 0.2 దాటకూడదు. దాటితే ఎర్త్ తీగ లగ్గు విప్పి చిలుము గీకండి. వానాకాలంలో నీళ్లు నిలిచిన రోడ్ల మీద తిరిగిన కార్లలో ఇది మామూలే. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) అదుపులో ఉండే డైనమో అయితే వోల్టేజీ 12.5 నుంచి 15 దాకా మారుతూనే ఉంటుంది. ఆ కార్లకు స్కానర్ లేకుండా తీర్పు చెప్పొద్దు. నడుస్తున్న ఇంజన్‌కి బ్యాటరీ తీగ పీకి చూసే పాత అలవాటు మాత్రం పూర్తిగా మానేయాలి. ఒక్కసారిగా వోల్టేజీ ఎగిరి ఈసీయూ కాలిపోవచ్చు.

ఇక డైనమో సంగతి. ఎక్కువగా అరిగేవి కార్బన్ బ్రష్‌లు, వేడికి పోయేది వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని ఆగినప్పుడు డైనమో మెల్లగా తిరుగుతుంది, లోడ్ మాత్రం తగ్గదు. రోటర్‌కి కరెంటు గరిష్ఠంగా వెళ్తుంది, చల్లబరిచే గాలి తక్కువ. రెగ్యులేటర్, ఆల్టర్నేటింగ్ కరెంటును డీసీగా మార్చే డయోడ్లు మాడేది అక్కడే. చాలా బాష్ రకాల్లో బ్రష్‌లు, రెగ్యులేటర్ కలిసి ఒకే ముక్కగా ఉంటాయి. వెనక ప్లాస్టిక్ మూత తీస్తే రెండు మూడు స్క్రూలతో ఊడి వస్తుంది.

బీ ప్లస్ బోల్టులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది కాబట్టి బ్యాటరీ మైనస్ ముందే తీసేయండి. బెల్ట్ ఎలా తిరిగి ఉందో ఫోటో తీసుకుని డైనమో దించండి. బ్రష్ హోల్డర్ ఊడదీశాక టార్చ్ వేసి రింగుల్ని చూడండి. నున్నగా, రాగి రంగులో మెరుస్తుంటే సంతోషం. గోరు అడ్డంగా జరిపితే బ్రష్ తిరిగిన దారిలో పడిపోతోందంటే గాడి పడినట్టే. వెర్నియర్‌తో రింగు అంచునూ గాడి అడుగునూ కొలవండి. వ్యాసంలో తేడా 1 మిల్లీమీటర్ దాటితే కొత్త బ్రష్‌లు పెట్టి లాభం లేదు. గాడి అంచులకు ఒరుసుకుని త్వరగా అరిగిపోతాయి, ఛార్జింగ్ లైటు మళ్లీ వెలుగుతుంది. నలుపు మాత్రమే ఉంటే 600 నంబరు శాండ్‌పేపర్‌తో తిప్పుతూ తుడవండి, నూనె తగలనివ్వకండి. రెండు రింగుల మధ్య రెసిస్టెన్స్ సాధారణంగా 2 నుంచి 4 ఓములు ఉంటుంది. రింగుకీ షాఫ్టుకీ మధ్య అసలు రీడింగే రాకూడదు.

రింగులు బాగుండి, బ్రష్‌లు 5 మిల్లీమీటర్ల కన్నా పొట్టివైతే ఆ సెట్ ఒక్కటి మార్చితే చాలు. డైనమో మీది పార్ట్ నంబరు రాసుకునో, పాత ముక్క పట్టుకునో సికింద్రాబాద్ విడిభాగాల బజారు రాణిగంజ్‌లో అడగండి. కారు పేరు ఒక్కటే చెబితే పొరపాటుకి చోటుంది, ఒకే మోడల్‌కి రెండు కంపెనీల డైనమోలు రావచ్చు. రింగులకు గాడి పడినా, మిగతాది గట్టిగా ఉంటే డైనమో పనిచేసే షాపులో రింగులు మార్పించవచ్చు. పాతవి లాగి, కొత్తవి దిగ్గొట్టి, రోటర్ తీగలు టంకం పెట్టే పని అది, ఇంట్లో కుదరదు.

రీకండిషన్డ్‌ది కారు ఆగకూడని వాళ్లకు సౌకర్యం. పని త్వరగా అయిపోతుంది. కానీ మీ అసలు రోటర్, దాని చుట్టూ ఉండే తీగ చుట్ట స్టేటర్ మీ చేయి దాటిపోతాయి. బదులుగా వచ్చినదానికి పైన పెయింటే కొత్తది కావచ్చు. డబ్బు కట్టకముందే బ్రష్ హోల్డర్ విప్పించి ఇదే గోరు పరీక్ష చేయండి. విప్పనంటే వద్దనండి. ఆంపియర్ రేటింగూ, పుల్లీ గాడుల లెక్కా పాతదానితో కలవాలి. బిగించాక మీటర్‌ని ఆల్టర్నేటింగ్ కరెంటు (~) వోల్ట్‌లకు తిప్పి బ్యాటరీ మీద చూడండి, 0.5 దాటితే డయోడ్లు అనుమానమే.

కొత్తది ఎప్పుడు? స్టేటర్ చుట్ట నల్లబడి మాడు వాసన వస్తున్నప్పుడు, డైనమో వరద నీళ్లలో మునిగినప్పుడు, బాడీ పగిలినప్పుడు. అప్పుడు రిపేరుకి పెట్టే ఖర్చు దండగ. స్క్రాప్‌లో దొరికే పాతది నేను లెక్కలోకే తీసుకోను.

సెల్ఫ్ మోటార్‌కీ చాలావరకు ఇదే లెక్క. టక్‌మని శబ్దం వచ్చి తిరగకపోతే, తాళం తిప్పినప్పుడు బ్యాటరీ వోల్టేజీ చూడండి. 9.6 కన్నా కిందికి పడిపోతే ముందు బ్యాటరీని అనుమానించండి. పడకపోతే మోటార్‌కి కరెంటు కలిపే సోలినాయిడ్ స్విచ్ కాంటాక్టులు, మోటార్ బ్రష్‌లు చూసుకోండి.