క్వేకర్ మౌన ప్రార్థన: ఫోన్‌లోనా, ఇంట్లోనా?

హన్మకొండలో ఉండి క్వేకర్ (ఒక క్రైస్తవ శాఖ) దారి పట్టాలనుకునేవాళ్లకు ముందు వచ్చే ప్రశ్న ఇదే: ఫోన్‌లో వీడియో కాల్‌తో లండన్ వాళ్ల ప్రార్థనలో కలవాలా, ఇంట్లో మనమే కలిసి కూర్చోవాలా? 1650ల నుంచి ఇంగ్లాండ్‌లో నడుస్తున్న క్వేకర్ పద్ధతి ఇది: పాస్టర్ ఉండడు, గంటసేపు కలిసి మౌనంగా కూర్చుంటారు, లోపలి నుంచి మాట కదిలితేనే ఎవరైనా లేచి చెప్తారు, చివర్లో చేతులు కలుపుతారు.

ఖర్చు: ఫోన్‌లో డేటా. ఇంట్లో చాయ్.

టైమ్: లండన్‌లో ఆదివారం పొద్దున పదిన్నర అంటే మనకు చలికాలంలో సాయంత్రం నాలుగు, ఎండాకాలంలో మధ్యాహ్నం మూడు. ఇంట్లో మనిష్టం.

నేర్చుకోవడం: ఫోన్‌లో ఏళ్ల అనుభవమున్న పెద్దలు దొరుకుతారు. ఇంట్లో అందరం కొత్తవాళ్లమే.

రిస్క్: కెమెరా ఆపేస్తే మీరున్నారో లేరో ఎవరికీ తెలియదు. ఇంట్లో ఒకరు మెల్లగా గురువైపోతారు, జాగ్రత్త.

మనవాళ్లు అనే భావం: మా ఇంట్లో ముగ్గురం చాప మీద కూర్చుంటాం. పోయిన నెల ఒక అక్క గంటంతా ఏడ్చింది, ఎవరూ ఏమీ అడగలేదు, పక్కనున్నామె చెయ్యి పట్టుకుని కూర్చుంది, అంతే. ఫోన్‌లో ఆ చెయ్యి దొరకదు.

సభ్యత్వం కావాలన్నా, ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోయినా ఫోనే దారి. ఒక్కరు తోడు దొరికినా ఇంట్లో మొదలుపెట్టండి, నెలకోసారి ఫోన్‌లో ఆ పెద్దలతోనూ కూర్చోండి.