క్లయింట్ల లాగిన్లన్నీ బిట్‌వార్డెన్‌లోకి: డాబా గార్డెన్స్ ట్యాక్స్ ఆఫీసు నుంచి రివ్యూ

విశాఖ డాబా గార్డెన్స్‌లో మాది చిన్న ట్యాక్స్ ఆఫీసు. పూర్ణా మార్కెట్ కిరాణా హోల్‌సేలర్లు, గాజువాక హార్డ్‌వేర్ షాపులవాళ్లు, హార్బర్ దగ్గర ఐస్ ఫ్యాక్టరీవాళ్లు, అందరి జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్, పీఎఫ్ లాగిన్లూ మా దగ్గరే ఉంటాయి. ఆ పాస్‌వర్డులు దాచుకోడానికి ఇదివరకు వాడిన యాప్ ఉచిత ప్లాన్‌లో కంప్యూటర్‌లో వాడితే ఫోన్‌లో రాదు. బిట్‌వార్డెన్ కూడా అలా పాస్‌వర్డులు దాచే యాపే గానీ, ఇందులో ఆ పేచీ లేదు. ఎన్ని పాస్‌వర్డులైనా, ఎన్ని ఫోన్లలోనైనా ఉచితమే.

మార్చడం తేలికే. పాత యాప్‌లో ఎక్స్‌పోర్ట్ కొడితే లాగిన్లన్నీ వరసగా రాసి ఉన్న సీఎస్‌వీ ఫైలు వస్తుంది. బిట్‌వార్డెన్ వెబ్‌సైట్‌లో టూల్స్‌లోకి వెళ్లి, ఇంపోర్ట్ డేటా నొక్కి, పాత యాప్ పేరు ఎంచుకుని ఆ ఫైలు ఇస్తే చాలు. సర్దుకోవడమే అసలు పని.

జీఎస్టీ పోర్టల్ ఒక్కటే, క్లయింట్లు బోలెడుమంది. ఇంపోర్ట్ అయ్యాక చూస్తే అందరివీ ఆ పోర్టల్ పేరుతోనే వరసగా ఉన్నాయి. 20వ తేదీ దగ్గరపడి, నెలవారీ జీఎస్టీ రిటర్ను 3బి ఫైల్ చేసే టెన్షన్‌లో ఒకరి బదులు ఇంకొకరిది తెరుచుకుంటే ఎలా? అందుకే ప్రతిదానికీ షాపు పేరు, ఏరియా, పోర్టల్ పేరు పెట్టాం. ఇప్పుడు షాపు పేరులో రెండక్షరాలు కొడితే చాలు, దొరికిపోతుంది. ఫోల్డర్లలోకైతే టిక్కులు పెట్టి ఒకేసారి పంపొచ్చు గానీ, పేర్లు మాత్రం ఒక్కొక్కటీ తెరిచి మార్చాల్సిందే.

ఎందుకొచ్చిన శ్రమ, ఫైలులోనే మార్చేద్దామని దాన్ని ఎక్సెల్‌లో తెరవకండి. పీఎఫ్ సభ్యులకిచ్చే 12 అంకెల యూఏఎన్ నంబర్లను ఎక్సెల్ కుదించి చూపిస్తుంది, అలాగే సేవ్ చేస్తే చివరి అంకెలు పోతాయి. సున్నాతో మొదలయ్యే అంకెల పాస్‌వర్డులో ఆ సున్నా ఎగిరిపోతుంది. నోట్‌ప్యాడ్‌లో మార్చుకుంటే ఈ బాధ ఉండదు.

బ్యాంకు లాగిన్లు కూడా ఓసారి చూసుకోండి. రిజర్వ్ బ్యాంక్ ఆదేశంతో 2025 అక్టోబర్ 31కల్లా బ్యాంకుల వెబ్‌సైట్లు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాకి మారాల్సి వచ్చింది. పాత చిరునామాతో సేవ్ చేసింది కొత్త సైట్‌లో తనంతట తాను రాదు. ఇది లోపం కాదు, దొంగ సైట్లకి మన పాస్‌వర్డ్ చిక్కకుండా కాపాడేదీ ఈ పట్టింపే. ఎంట్రీలో చిరునామా మారిస్తే సరిపోతుంది.

నాకు నచ్చనిది ఒకటుంది. అదే ఫైలు రెండోసారి ఇస్తే అన్నీ డబుల్ అయిపోతాయి, ఉన్నవాటితో పోల్చి చూడదు. దీనికే ఒక స్టార్ తగ్గించాను. ఒకే పాస్‌వర్డ్ ఎన్నిచోట్ల వాడారో చెప్పే రిపోర్టు ప్రీమియం కట్టినవాళ్లకే. మా క్లయింట్లలో షాపు పేరు పక్కన 123 పెట్టేసేవాళ్లు ఎక్కువ కాబట్టి కట్టాం, డబ్బు వృథా కాలేదు. పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో ఫోన్ లాక్‌తోనో లాగిన్ చేయించే పాస్‌కీలు ఈ ఫైలులో రావు, మళ్లీ కొత్తగా పెట్టుకోవాలి.

పని కాగానే సీఎస్‌వీ ఫైలును డౌన్‌లోడ్స్‌లోంచీ రీసైకిల్ బిన్‌లోంచీ తీసేయండి. అందులో పాస్‌వర్డులన్నీ ఎవరు తెరిచినా చదివేలా ఉంటాయి. పాత ఖాతాను మాత్రం వెంటనే మూయలేదు. ఆ నెల రిటర్నులన్నీ కొత్తదాంతో ఫైలయ్యాకే మూసేశాం.